కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేవారికి ముందు కొలత చెప్పండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్య పేజీలో వ్యాయామం గురించి వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. ఏ ఆసనం నడుముకు మంచిది, ఏ కసరత్తు భుజాలకు పనికొస్తుంది, ఏ వయసువారు ఏ యంత్రం వాడాలి అన్న విషయాలు వాటిలో చాలానే ఉంటున్నాయి. అయితే ఏళ్ల తరబడి ఒళ్లు కదపని మనిషి, నలభై అయిదు దాటాక, డాక్టరు హెచ్చరించారనో పిల్లలు పోరుపెట్టారనో రేపటి నుంచి మొదలుపెడదామనుకున్నప్పుడు, మొదటి రోజు ఎంత చేయాలి, రెండో వారం ఎంత పెంచాలి, ఏ నొప్పికి ఆగాలి, ఏ నొప్పికి ఆగనక్కర్లేదు అన్నది మాత్రం ఎక్కడా దొరకడం లేదు. బడిపిల్లలకు ఆటలు నేర్పుతూ ఉద్యోగ జీవితమంతా మైదానంలోనే గడిపినదాన్ని, విరమణ తర్వాత కూడా పొద్దున్నే అక్కడికే వెళ్లేదాన్ని కనుక, ఈ లోటు వల్ల జరుగుతున్న నష్టాన్ని మీ ద్వారా పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కార్తీక మాసంలో చలి మొదలయ్యాక హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానం, భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి చెరువు కట్ట, కాకతీయ యూనివర్సిటీ రోడ్లు తెల్లవారకముందే మనుషులతో నిండిపోతాయి. కొత్త సంవత్సరం మొదటి వారంలోనైతే కొత్త బూట్లు, కొత్త ట్రాక్ ప్యాంట్లు ఎటు చూసినా కనిపిస్తాయి. శివరాత్రి వచ్చేసరికి వారిలో చాలామంది ఉండరు. మానేసినవారిని బద్ధకస్తులు అనేయడం మనకు తేలిక, కానీ అది అన్యాయం. బజారులో కనిపించినప్పుడు అడిగితే వారు చెప్పే కారణాలు దాదాపు ఒకేలా ఉంటాయి: మోకాలు వాచింది, మడమ నేల మీద ఆనడం లేదు, నడుము పట్టేసింది, వారం రోజులు మంచం దిగలేకపోయాను. ఇరవై ఏళ్ల విరామం తర్వాత మొదటి వారంలోనే రోజుకు గంట నడక, దాని మీద పరుగు, దాని మీద పక్కనున్నవారు చెప్పిన గుంజీళ్లు కలిస్తే ఎవరి ఒళ్లయినా అలాగే ఎదురుతిరుగుతుంది. అక్కడ తప్పింది పట్టుదల కాదని, మోతాదని వారికి చెప్పేవారు లేరు. వ్యాయామం మన ఒంటికి సరిపడదని వారు నిర్ధారణకు వచ్చేస్తారు, ఆ తర్వాత మళ్లీ మైదానం ముఖం చూడరు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

శరీరం పనిని ఎలా అలవాటు చేసుకుంటుందో తెలిస్తే ఈ మోతాదు సంగతి ఎవరికైనా తేలిగ్గా అర్థమవుతుంది. కండరమైనా, గుండె అయినా, ఎముక అయినా అలవాటున్న దానికంటే కొంచెం ఎక్కువ పని పడినప్పుడు అలసిపోతుంది. తర్వాత తిండి, నిద్ర, విరామం దొరికితే, మళ్లీ అంతే పని వచ్చినా తట్టుకునేలా తనను తాను బలపరచుకుంటుంది. అంటే బలం వచ్చేది బరువు ఎత్తిన పావుగంటలో కాదు, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో. అందుకే విశ్రాంతిని వ్యాయామంలో భాగంగానే లెక్కించాలి. పని మరీ తక్కువైతే శరీరానికి మారవలసిన అవసరమే కలగదు. మరీ ఎక్కువైతే సరిచేసుకునే వ్యవధి చాలక దెబ్బతింటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది కనుకనే పక్కింటివారు చేస్తున్నది చూసి మనం చేయడం పనికిరాదు.

ఇందులో కొత్తవారిని మోసం చేసే విషయం ఒకటుంది. శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో బలపడవు. క్రమంగా నడిచేవారికి రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, ఎందుకంటే రక్తంలోని ద్రవభాగం త్వరగా పెరిగి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మునుపటికంటే ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. కండరాల బలం కూడా మొదటి నెలలోనే పెరిగినట్టు తెలుస్తుంది; అది చాలావరకు, ఉన్న కండరాన్నే నరాలు మెరుగ్గా వాడుకోవడం వల్ల వచ్చిన బలం. కండ నిజంగా పెరిగినట్టు కంటికి కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇక కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీలకు, ఎముకకు నెలలు కావాలి. కాబట్టి మూడో వారంలో ఊపిరి బాగానే ఆడుతోంది కదా అని పరుగు రెట్టింపు చేసిన మనిషికి, ఊపిరి సిద్ధంగానే ఉన్నా మడమ వెనక పట్టీ సిద్ధంగా ఉండదు. దెబ్బలు ఎక్కువగా తగిలే సమయం అదే. కొత్త కోడెను తొలిరోజే అరకకు కట్టి ఎకరం దున్నించే రైతు మన జిల్లాలో ఎక్కడా ఉండడు. సొంత ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక మనకు ఉండటం లేదు.

కొంచెం కొంచెంగా పెంచాలన్నది పెద్దల మాట మాత్రమే కాదు, వైద్యం తేల్చిన సంగతి కూడా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్, మోకాళ్లు దెబ్బతిన్న సైనికుల చేత వారు ఎత్తగలిగినంత బరువు ఎత్తించి, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుతూ పోయి, ఆ పద్ధతిని 1945లో ప్రచురించారు. ఈనాటి జిమ్‌లలో వినిపించే సెట్లు, రెప్స్ (ఎన్ని విడతలు, విడతకు ఎన్నిసార్లు) లెక్కకు ఆ పనే పునాది. దీనికి మరో వైపు కూడా ఉంది: వాడకపోతే వచ్చిన బలం పోతుంది. 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఆరోగ్యంగా ఉన్న అయిదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షించినప్పుడు తేలిందేమిటంటే, ఆ ముప్పై ఏళ్లలో పెరిగిన వయసు వారి శ్రమశక్తిని తగ్గించిన దానికంటే ఆ మూడు వారాల పడక ఎక్కువ తగ్గించింది. యాభై దాటిన తర్వాత ఏం వస్తుందిలే అనుకునేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. వయసు మీద పడిందని మనం అనుకునేదానిలో కదలకపోవడం వల్ల వచ్చినది ఎంతో ఉంటుంది, దాన్ని తిరిగి తెచ్చుకునే దారి ఉంది.

ఎంత చేయాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన కొలత స్పష్టంగా ఉంది. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ గానీ చేయాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం ఉండాలి. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తులు చేర్చుకోవాలి. 150 నిమిషాలంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. అయితే ఇది చేరవలసిన గమ్యం, మొదటి వారానికి పెట్టిన లెక్క కాదు. ఒకప్పుడు కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందనేవారు. 2020 మార్గదర్శకాల్లో ఆ నిబంధనను తీసేశారు. పొద్దున అయిదు నిమిషాలు, మధ్యాహ్నం అయిదు నిమిషాలు, రాత్రి భోజనం తర్వాత మరో అయిదు నిమిషాలు నడిచినా అది వ్యాయామమే. ఇంట్లో చంటిపిల్లలో, మంచం పట్టిన అత్తమామలో ఉండి గంటసేపు బయటికి రాలేని ఆడవారికి ఈ మాట ఎంత ధైర్యం ఇస్తుందో వారితో మాట్లాడి చూసినవారికి తెలుస్తుంది.

మధ్యస్థ శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి చేతికి గడియారం పెట్టుకోవలసిన పని లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాట కూడా పాడగలిగితే నడక మందకొడిగా ఉన్నట్టు. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి శ్రమలోకి వెళ్లినట్టు. 220 నుంచి వయసు తీసేస్తే వచ్చే గుండె వేగం లెక్క చాలామంది చెబుతుంటారు గానీ, అది సుమారు అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ ఎంతో తేడా ఉంటుంది; బీపీకి, గుండెకు వాడే కొన్ని మందులు నాడి వేగాన్ని తగ్గిస్తాయి కనుక ఆ మందులు వేసుకునేవారికి ఆ లెక్క అసలే కుదరదు. అలాగే రోజుకు పదివేల అడుగులన్న లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం ద్వారా ప్రచారంలోకి వచ్చింది, వైద్య పరిశోధన నుంచి రాలేదు. ఇటీవలి పరిశోధనల ప్రకారం అరవై దాటినవారికి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే ప్రయోజనం చాలావరకు అందుతోంది. రెండు వేల అడుగులు వేసే మనిషి నాలుగు వేలకు చేరితే దొరికే మేలు చాలా పెద్దది, పదివేలు పూర్తికాలేదని ఆ రోజు వృథా అయినట్టు బాధపడనక్కర్లేదు.

ఇక మన ఊరివారు పూర్తిగా వదిలేస్తున్న భాగం గురించి కొంత వివరంగా రాస్తాను. భద్రకాళి కట్ట మీద నడిచేవారిలో ఎక్కువమంది నడకతో పని అయిపోయిందనుకుంటారు. నడక గుండెకు, ఊపిరితిత్తులకు, షుగరుకు మంచిదే, కానీ ముప్పైలు దాటాక పదేళ్లకింత చొప్పున కరిగిపోయే కండను అది ఆపలేదు. అరవై దాటినవారు బాత్రూంలో జారిపడటం, పీట మీద నుంచి లేవడానికి గోడ పట్టుకోవలసి రావడం, మెట్లు దిగేటప్పుడు మోకాలు వదిలేసినట్టు అనిపించడం, వీటిలో చాలావాటికి మూలం తొడ కండరాల బలహీనత. బలం పెంచే వ్యాయామం అనగానే జిమ్, బరువులు, కుర్రాళ్లు గుర్తుకొచ్చి ఆడవారు, పెద్దవారు వెనక్కి తగ్గుతున్నారు. దండీలు, బస్కీలు తీయించిన తాలీంఖానాలు తెలంగాణ పట్టణాలకు కొత్త కాదు. కూర్చుని లేచే ఆ బస్కీలనే మెల్లగా, కుర్చీ సాయంతో చేయడం ఇంట్లో ఎవరికైనా సాధ్యం.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కనుక వద్దు. దాని ముందు అంచుకు దగ్గరగా కూర్చుని, పాదాలను భుజాలంత వెడల్పున, మడమలు మోకాళ్లకు కొద్దిగా వెనక్కి ఉండేలా నేల మీద పూర్తిగా ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, నడుము వంచకుండా ఛాతీని ముందుకు వాల్చి, మడమల మీద బరువు వేస్తూ లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. నిలబడ్డాక ఒక్క క్షణం ఆగి, మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి. దభాలున కూలబడితే సగం లాభం పోయినట్టే, ఎందుకంటే దిగేటప్పుడు బరువును ఆపుతూ దించడంలోనే తొడకు పని ఎక్కువ. మోకాళ్లు లోపలికి ఒరగకుండా కాలి వేళ్ల వైపే చూస్తున్నాయో లేదో పక్కన ఒకరు గమనిస్తే ఇంకా మంచిది. చేతులు కట్టుకుని లేవలేనివారు తొడల మీద చేతులు ఊని లేవవచ్చు, అదీ కష్టమైతే కుర్చీ మీద రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. ఎన్నిసార్లు అంటే, ఇంకా మూడు నాలుగు సార్లు చేయగలను అనిపించినప్పుడు ఆపాలి. ఒకరికి అది అయిదు కావచ్చు, మరొకరికి పన్నెండు కావచ్చు. రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి అంతే చేస్తే ఆ రోజుకు చాలు.

దీనికి తోడు గోడకు మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి మళ్లీ వెనక్కి నెట్టుకోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, సగం నింపిన బకెట్టును నిటారుగా నిలబడి రెండు చేతుల్లో మార్చి మార్చి పట్టుకుని గదిలో అటూ ఇటూ నడవడం, ఈ మూడూ కలిపితే ఒళ్లంతటికీ పని పడుతుంది. వారంలో రెండు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామంతో, పదిహేను నిమిషాలు చాలు. రెండు వారాలు సునాయాసంగా గడిస్తే ఒక్కోదానికి రెండేసి సార్లు పెంచండి. ఒక వారంలో ఒకే ఒక్కదాన్ని పెంచాలి: నడక సమయం పెంచితే వేగం పెంచవద్దు, బరువు పెంచితే సంఖ్య పెంచవద్దు. నడక విషయంలో కూడా మొదటి వారం రోజుకు పదినిమిషాలతో మొదలుపెట్టి వారానికి అయిదు నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోతే అయిదో వారానికి అరగంటకు చేరవచ్చు. ఇంత తక్కువా అని చాలామందికి అనిపిస్తుంది. అలా అనిపించడమే సరైన మొదలు.

నొప్పుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అలవాటు లేని కసరత్తు చేసిన మర్నాడు, ఆ మర్నాడు తొడలు, పిక్కలు పట్టేసినట్టు ఉండటం సహజం, మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ నొప్పి రెండు కాళ్లకూ సమానంగా, కండ భాగంలో, తాకితే నొచ్చేలా ఉంటుంది. ఒక్క మోకాలిలోనే పోటు, కీలు వాపు, నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పి, రాత్రి నిద్రలో లేపే నొప్పి, ఇవి వేరు. వీటికి ఆగి డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో లాగే నొప్పి, చెమటతో కూడిన నీరసం, కళ్లు తిరగడం వస్తే ఆ క్షణమే ఆపి కూర్చోవాలి, తగ్గుతుందిలే అని ఇంటికి నడవకుండా 108కి ఫోన్ చేయాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు, చాలా ఏళ్లుగా షుగరుతో ఉన్నవారు మొదలుపెట్టేముందే డాక్టరును ఒకసారి అడగడం అవసరం. మోకాళ్లు అరిగాయి కాబట్టి కదలకూడదన్న నమ్మకం మాత్రం పోవాలి. అరిగిన మోకాలికి చుట్టూ ఉన్న కండరాల బలమే ఆసరా కనుక, తగిన వ్యాయామాన్ని వైద్యులు చికిత్సలో ముఖ్యభాగంగానే సూచిస్తారు.

పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కానిస్టేబుల్ ఎంపికలో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు ఉంటుంది. నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినపడగానే వర్ధన్నపేట, పరకాల, నర్సంపేట వైపుల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని, మొదటిరోజే ట్రాక్ చుట్టూ నాలుగు రౌండ్లు ప్రాణం పెట్టి పరిగెత్తేవారిని ప్రతిసారీ చూస్తున్నాను. మూడో వారానికి మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలవుతుంది. బెత్తెడు పొడవున అంతటా నొస్తుంటే పరుగు తగ్గించి, కొన్నాళ్లు నడకకు మారితే చాలావరకు సర్దుకుంటుంది. వేలి కొన ఆనించిన ఒక్క చోటే భరించలేనంత పోటు ఉంటే ఎముకలో సన్నని చీలిక వచ్చి ఉండవచ్చు, అప్పుడు పరుగు ఆపి ఎముకల డాక్టరును కలవక తప్పదు. స్ప్రే కొట్టి, గుడ్డ కట్టి పరిగెత్తిన పిల్లలు అసలు పరీక్ష నాటికి నిలబడలేకపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఇరవై నిమిషాలు, రోజు విడిచి రోజు. రెండు వారాలకొకసారి పరుగు భాగం కొంచెం పెంచడం. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ఆరు నెలల ముందు ఇలా మొదలుపెడితే ఆ దూరం మామూలు ఆరోగ్యం ఉన్న పిల్లలకు అసాధ్యం కాదు.

పొలం పనులు చేసేవారికి వ్యాయామం ఎందుకన్న ప్రశ్న పల్లెల్లో తరచూ ఎదురవుతుంది. ఒళ్లు వంచి చేసే పని శ్రమ కిందే లెక్క, అందులో సందేహం లేదు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ అన్నకు ఇంకా బరువులు ఎత్తమని ఎవరూ చెప్పరు. ఆయనకు కావలసింది విశ్రాంతి, సరైన తిండి. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవారికి మాత్రం రోజంతా నడుము ఒకే వైపు వంగి ఉంటుంది కనుక, గంటకొకసారి గట్టు మీదికి వచ్చి నిటారుగా నిలబడి, నడుము మీద చేతులు వేసి మెల్లగా వెనక్కి వాలడం, భుజాలు వెనక్కి తిప్పడం ఎంతో ఊరటనిస్తుంది. అయితే వరికోత యంత్రాలు, ట్రాక్టర్లు వచ్చాక మగవారి పని చాలావరకు తగ్గింది, పొలానికి పోవడం కూడా బండి మీదే. పల్లెల్లో షుగరు, బీపీ పెరగడం చూసి ఆశ్చర్యపోయేవారు ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని మొదట గట్టిగా చూపిన పరిశోధనల్లో ఒకటి బస్సు ఉద్యోగుల మీదే జరిగింది: లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని జెర్రీ మారిస్ బృందం 1953లో ప్రకటించింది.

దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో వెల్లడించింది. వారికి వ్యాయామం మందుతో సమానంగా ఎందుకు చెబుతారంటే, పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోగలదు. ఆ మేలు ఒకటి నుంచి మూడు రోజుల వరకు నిలుస్తుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దంటారు. అన్నం తిన్న తర్వాత పది పదిహేను నిమిషాల నడక చక్కెర పైకి ఎగబాకకుండా చూస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు, కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకునేవారు జేబులో చక్కెరో గ్లూకోజో పెట్టుకోకుండా నడకకు రాకూడదు. పాదాలకు స్పర్శ తగ్గినవారు చెప్పులతో కాకుండా మెత్తని బూట్లతో నడిచి, ఇంటికి వెళ్లాక వేళ్ల సందులు చూసుకోవాలి.

బరువు తగ్గడం లేదని మానేసేవారికి కూడా ముందే నిజం చెప్పాలి. డెబ్భై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 140 కేలరీలు. ఒక ప్లేటు మిర్చి బజ్జీలతో అది తిరిగి వచ్చేస్తుంది. పొట్ట కసరత్తుతో పొట్ట దగ్గరి కొవ్వే కరగదు. అయినా బీపీ ఎక్కువగా ఉన్నవారికి క్రమమైన వ్యాయామంతో పై అంకె అయిదు నుంచి ఎనిమిది వరకు తగ్గవచ్చు, నిద్ర కుదురుతుంది, మెట్లెక్కితే రొప్పు రాదు. కాటా మీద అంకె కదలకపోయినా ఇవి కదులుతాయి. ఇక జిమ్‌లో చేరిన కుర్రాళ్లకు మొదటి నెలలోనే ప్రొటీన్ పొడి డబ్బాలు అంటగట్టడం ఆగాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని చెప్పింది. మామూలు పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, శనగలు, చేపలు తినే ఇంట్లో అది దొరుకుతుంది. తొలిరోజే వందల కొద్దీ గుంజీళ్లు తీయించే శిక్షకుల దగ్గర పిల్లలు జాగ్రత్తగా ఉండాలి. విపరీతమైన ఒళ్లు నొప్పులతో పాటు మూత్రం డికాక్షన్ రంగులో వస్తే కండరాలు చితికి మూత్రపిండాల మీద భారం పడుతున్నట్టు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఎండాకాలంలో మన వైపు, ముఖ్యంగా రామగుండం ప్రాంతంలో, ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. పొద్దున ఏడు లోపే ముగించుకోవడం, ఎండలు ముదిరిన మొదటి రెండు వారాలు మోతాదు తగ్గించుకోవడం అవసరం.

ఇప్పుడు నా విజ్ఞప్తులు. నగరంలోని పార్కుల్లో, చెరువు కట్టల దగ్గర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఓపెన్ జిమ్‌లు నిజంగా మంచి సదుపాయం. కానీ వాటి మీద కాళ్లు రెండూ బార్లా చాచి ఊగేవారిని, నడుము తిప్పే పలక మీద విసురుగా మెలికలు తిరిగేవారిని రోజూ చూస్తున్నాను. ఒక్కో పరికరం పక్కన తెలుగులో, పెద్ద అక్షరాలతో, బొమ్మతో మూడు విషయాలు రాసిన పలక పెట్టాలి: ఎలా నిలబడాలి, కొత్తవారు ఎన్నిసార్లు చేయాలి, ఎవరు చేయకూడదు. కట్టల మీద తెల్లవారుజామున సరైన వెలుతురు, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే ఇంకా ఎంతోమంది వస్తారు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తిని చూసి మన ఆడపిల్లలు మైదానానికి వస్తున్నారు, వారి తల్లులు మాత్రం గేటు బయట బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఆ గంటలో వారు కూడా లోపలికి వచ్చి నడిచేలా పాఠశాలలు, శిక్షకులు పిలవాలి. ఊళ్లలో 2022 నుంచి వచ్చిన క్రీడా ప్రాంగణాల్లో గడ్డి పెరగనివ్వకుండా చూసే బాధ్యతను పంచాయతీలు యువజన సంఘాలకు అప్పగించవచ్చు.

మీ పత్రికను నేను కోరేది ఒక్కటే. ఆరోగ్య పేజీలో ఒక మూల, పన్నెండు వారాల పాటు, ప్రతి ఆదివారం ఆ వారానికి సరిపడే కొలతను మాత్రమే వేయండి: కొత్తవారు ఈ వారం ఎన్ని నిమిషాలు నడవాలి, కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేవాలి, ఏ రెండు రోజులు విరామం తీసుకోవాలి. చదువు అంతగా లేనివారికి కూడా తెలిసేలా పక్కన ఒక బొమ్మ ఉండాలి. కత్తిరించి వంటింటి తలుపుకు అంటించుకునేంత పరిమాణంలో ఉంటే చాలు. దాన్ని తయారుచేయడానికి మాలాంటి విశ్రాంత వ్యాయామోపాధ్యాయులు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్నారు. ఒక ఫిజియోథెరపిస్టు, ఒక వైద్యుడు సరిచూస్తే మేము ప్రతిఫలం ఆశించకుండా రాసిస్తాం. దీపావళి వెళ్లిన మొదటి ఆదివారం మొదటి భాగం వస్తే, చలికి మైదానాలు నిండే వేళకు కొత్తవారి చేతిలో ఆ కాగితం ఉంటుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయురాలు,
హనుమకొండ